చూడీ పట్టిన చెయ్యి

మొన్న ఆదివారం మా పక్క వాటాలో కొత్తగా దిగిన ఇంజినీరు పొద్దున్నుంచీ ఒక పాత జీపుతో కుస్తీ పడుతున్నాడు. రాంచీ వైపు ఎక్కడో కొన్నాడట, బాగుచేసుకుని కొండలెక్కుతాడట. ఎడమవైపు చక్రం నట్టు ఊడి రావడం లేదు. నూనె పోశాడు, సుత్తితో కొట్టాడు, పానాకి ఇనుప గొట్టం తొడిగి దాని మీద ఎక్కి నిలబడ్డాడు. మధ్యమధ్య ఫోనులో వీడియోలు చూస్తున్నాడు. నేను వరండాలో కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. ఎంతసేపని నోరు మూసుకుంటాను? "ఉల్టా తిప్పు బాబూ, అది ఉల్టీ చూడీ," అన్నాను హిందీలో. అతను నన్ను ఎగాదిగా చూశాడు. డెబ్బై దాటిన ముసలిది, ముందు కత్తిపీట, ఒళ్ళో బెండకాయలు. పోనీ ముసలిదాని మాట ఎందుకు కాదనాలని కాబోలు ఉల్టా తిప్పాడు. నట్టు వచ్చేసింది. "ఆంటీజీ, ఆప్‌కో కైసే మాలూమ్?" అన్నాడు. నీకెలా తెలుసంటే ఏం చెప్పను? ఒక్క ముక్కలో చెప్పేదా అది! నవ్వి ఊరుకున్నాను. ఆ రోజు మా ఇంట్లో బెండకాయ వేపుడు మాడిపోయింది.

చూడీ అంటే హిందీలో గాజు. ఇనుము పని చేసేవాళ్ళ నోట్లో మాత్రం నట్టుకీ బోల్టుకీ ఉండే మర. ఆ రెండో అర్థం నాకు చెప్పింది మా బావ. బావ అంటే మా మేనమామ కొడుకు, నా పెనిమిటి. పెళ్ళైన నెలకి టెక్కలి దగ్గర మా పల్లె నుంచి నన్ను జంషెడ్‌పూర్ తీసుకొచ్చాడు. సువర్ణరేఖ నది దాటితే మాంగో అనే పేటలో రెండు గదుల పెంకుటిల్లు, ముందు పెద్ద మట్టి వాకిలి, వాకిట్లో కుళాయి, రేకు గేటు. ఇంట్లో మూడో మనిషి మా అత్త. బావ ఒక కాంట్రాక్టరు షెడ్డులో ఫిట్టరు. వీధిలో పంజాబీలు, బెంగాలీలు, ఒడియా వాళ్ళు, మన శ్రీకాకుళం వాళ్ళు, అందరూ అతన్ని "మిస్త్రీ" అనే పిలిచేవాళ్ళు, పెద్ద పనివాడన్నట్టు. ఆ పిలుపు వింటే మా బావ నడకే మారిపోయేది. పెళ్ళైన రెండో ఏడు, బస్సు దిగుతుండగా రేకు తలుపు విసురుగా వచ్చి కుడిచేతి మూడు వేళ్ళ మీద పడింది. వేళ్ళు దక్కాయి. కట్టు విప్పాక చూస్తే మాత్రం అవి వంగవు, ముట్టుకుంటే తెలియదు. కాంట్రాక్టరు మంచివాడే, పొమ్మనలేదు. గేటు దగ్గర కుర్చీ వేసి హాజరు పుస్తకం చేతికిచ్చాడు. ఎడమచేత్తో గీతలు పెట్టడం నేర్చుకున్నాడు బావ. ఆ రోజు నుంచి అతను "హాజరీ బాబు". కుడిచెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే. అన్నం మాత్రం కుడిచేత్తోనే తినాలి కదా, మిగిలిన రెండు వేళ్ళతో ముద్ద చేసుకుంటూ గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మేము చూడకూడదని. నేనూ అత్తా కూరలో ఉప్పెక్కువైందా అని అడగడానికి కూడా జంకేవాళ్ళం.

అట్లాంటి రోజుల్లో మహతో బాబు దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆయన చాండిల్ వైపు బీడీ ఆకుల వ్యాపారి. అడవిలోకి పోవడానికి ఆయనకి రెండు లారీలు, మూడు జీపులు ఉండేవి. నాలుగో జీపు షెడ్డు వెనక పడి ఉంది, ఎప్పుడో మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే కొన్నది. అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. "దీన్ని తీసుకెళ్ళి బాగుచెయ్యి. ఆకు కోతలు మొదలయ్యేలోపు ఇది దల్మా కొండెక్కితే నా బళ్ళన్నిటికీ మిస్త్రీవి నువ్వే," అన్నాడాయన. ఎవరి నోటో ఒకప్పటి పేరు విని పిలిపించాడు, చెయ్యి సంగతి ఆయనకి తెలియదు. బావ ఆయన ముందు నిలబడ్డంతసేపూ చెయ్యి జేబులోంచి తియ్యలేదట. ఇంటికొచ్చి ఆ కబురు చెప్పిన మొహం చూడాలి! నాకు మళ్ళీ పెళ్ళిచూపులు చూసినట్టే ఉంది.

మా అత్త మాత్రం పొయ్యి ముందు కూర్చుని తలెత్తకుండానే అంది: "ఏ సేత్తో సేత్తావురా?"

బావ కుళాయి దగ్గరికి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఆ నీళ్ళ చప్పుడు వింటూ నేను అనుకున్నాను, ఈ జీపు కొండెక్కకపోతే ఈ మనిషి మళ్ళీ మనకి దక్కడు అని. పైకి అనలేదు. ఆ ఇంట్లో అనేది అత్త ఒక్కతే.

జీపు లారీ వెనక తాడు కట్టించుకుని వచ్చింది. పైన గుడ్డ లేదు, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి, రంగు ఏమిటో చెప్పలేం. వాకిట్లో దాన్ని ఆపేసరికి నేను బట్టలారేసుకునే తీగ కాస్తా పోయింది. ఇక మా రోజులు దాని చుట్టూ తిరిగాయి. పొద్దున్నే అత్త బొగ్గుల పొయ్యి తెచ్చి వాకిట్లో పెట్టి రాజేసేది. వీధి మొత్తం అందరి పొయ్యిలూ ఒకేసారి రాజుకునేవి, ఎదురింటి గుమ్మం కూడా కనపడేది కాదు. ఆ పొగ తేరేసరికి బావ జీపు కింద దూరి ఉండేవాడు. చోడి అంబలి గ్లాసు పట్టుకెళ్ళి చక్రం పక్కన పెట్టేదాన్ని. తొమ్మిదింటికి హాజరు పుస్తకం దగ్గరికి, సాయంత్రం రాగానే మళ్ళీ జీపు దగ్గరికి. అత్త బియ్యం కడుక్కునే పళ్ళెంలో కిరసనాయిలు పోసి సామాన్లు నానబెట్టాడు. ఆ పళ్ళెం కోసం రెండు రోజులు యుద్ధం జరిగింది, చివరికి ఆవిడే వేరే పళ్ళెం కొనుక్కుంది. ఇంట్లో ఏం వండినా కిరసనాయిలు వాసన, గ్రీజు వాసన, దాని మీద అత్త చుట్ట వాసన.

మా వైపు ముసలాళ్ళు చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. మా అత్త లేచింది మొదలు అడ్డపొగే. జీపు వాకిట్లోకొచ్చాక బావకి అదో బెంగ పట్టుకుంది.

"అమ్మా, సుట్ట ఆర్పు. అది పెట్రోలు."

"నిప్పు నా నోట్లో ఉంటే నీ పెట్రోలుకేటిరా నొప్పి?"

"అంటుకుంటే ముగ్గురం పోతాం."

"మీ నాయన ఉన్నప్పుడు నాను గడ్డివాము మీద కూకుని కాల్సినాను. గడ్డివాము అంటుకుందేటి?"

బావ జీపుకీ అరుగుకీ మధ్య బొగ్గుతో ఒక గీత గీశాడు, అది దాటి రావద్దన్నాడు. ఆవిడ ఆ గీత మీదే పీట వేసుకుని కూర్చుంది.

ఒకరోజు జీపు కింద నుంచి బావ పెద్దగా అరిచాడు. "అయిపోనాది! చూడీలన్నీ సచ్చిపోనాయి!" అత్త చేతిలో చేట వదిలేసి, గీత ఉందని కూడా చూడకుండా పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. గాజులు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. చూడీవాలా వీధిలో అరుస్తూ తిరుగుతాడు కదా, ఆవిడకి చూడీ అంటే గాజే. "ఉన్నాయి గందరా! ఏటా పాడు మాట? మొగుడు బతికుండగా గాజులు సావడమేటి, నీ నోరు పడ!" అని కొడుకుని తిట్టింది. బావ బయటికొచ్చి బోల్టు చూపించాడు. మరలు అరిగిపోయి నున్నగా ఉంది. దాన్నే మిస్త్రీలు చూడీ చచ్చిపోయిందంటారని చెప్పాడు. "మర అనడానికి నీకు నోరు రాదేటి?" అంది అత్త. "మరంటే ఈ ఊళ్ళో ఎవుడికి తెలుస్తాదే అమ్మా," అన్నాడు బావ. ఇకమీదట ఇంట్లో ఆ మాట వినపడకూడదని హుకుం జారీ అయింది. వారం తిరక్కుండా ఆవిడే "సూడీ సరిగ్గా పట్టిందేటిరా?" అని అడగడం మొదలుపెట్టింది.

అసలు సంగతి అదే, చూడీ పట్టడం. పెద్ద పనులన్నీ బావ ఎడమచేత్తో, మోచేతితో, మోకాలితో, ఒక్కోసారి పళ్ళతో నెట్టుకొచ్చేవాడు. చిన్న నట్టు దగ్గర ఓడిపోయేవాడు. నట్టు ఎక్కించేటప్పుడు మొదటి మెలిక వేలి కొసకి తెలియాలి. తెలియకుండా పానా వేసి బిగిస్తే అడ్డంగా ఎక్కి మర చచ్చిపోతుంది. కార్బొరేటర్ కింద ఒక నట్టు ఉంది, కంటికి కనపడదు, సందులోకి కుడిచెయ్యి మాత్రమే దూరుతుంది. బావ ఆ సందులో చెయ్యి పెట్టి ఎంతసేపు వెతికాడో. నట్టు జారి కింద పడేది, తీసేవాడు, మళ్ళీ పడేది. పదోసారి పడ్డప్పుడు తియ్యలేదు. చక్రానికి ఆనుకుని కూర్చుని చేతికేసి చూస్తున్నాడు. "బావా, నాను పెడతాను, సెప్పు," అన్నాను.

చెయ్యి పెట్టాను. గాజులు అడ్డం పడ్డాయి. బలవంతంగా తోస్తే రెండు పగిలి మణికట్టు కోసుకుంది. రక్తం, గ్రీజు కలిసిపోయాయి. ఇక లాభం లేదని మిగతా గాజులు తీసి కుళాయి గట్టు మీద పెట్టాను. అప్పుడే అత్త లోపల్నుంచి వచ్చింది. గట్టు మీద గాజులు, బోసి చేతులతో నేను! ఆవిడ వేసిన కేకకి ఎదురింటి బెంగాలీ ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "నా కొడుకుని సంపేత్తావేటే గుంటా?" అని పసుపు కొమ్ము, దారం తెచ్చి, నా రెండు చేతులకీ పసుపు దారాలు కట్టేదాకా ఊరుకోలేదు. సరే, పసుపు దారాలతో మళ్ళీ చెయ్యి పెట్టాను. అయినా లాభం లేదు. నాది బొద్దు చెయ్యి, మణికట్టు దాటి లోపలికి పోలేదు.

అత్త కొంతసేపు చూసింది. చుట్ట తీసి అరుగు మీద పెట్టింది. చేతులు చీరకి తుడుచుకుంది.

"లెగు. నాకేటి అడ్డం? నా సేతులకి పద్నాలుగేళ్ళ నుంచి గాజుల్లేవు."

సన్నటి చెయ్యి మోచేతిదాకా సందులోకి పోయింది. ఆవిడ ఆకాశం వైపు చూస్తోంది, పెదాలు కదులుతున్నాయి, లోపల వేళ్ళు ఏం చేస్తున్నాయో మాకు తెలియదు. బావ పక్కన వంగి "ఎనక్కి ఓ సుట్టు తిప్పమ్మా, టక్కున కూకుంటాది, అప్పుడు ముందుకి" అంటున్నాడు. "నోర్ముయ్యరా, ఇననీ," అంది. వేళ్ళతో వినడం! కాసేపటికి ఆవిడ మొహం మారింది. "పట్టింది," అంది.

నాకు ఏడుపొచ్చింది, దాచడమెందుకు. మా పేటలో పెళ్ళిళ్ళైనప్పుడు ఆ చెయ్యి కొంగు కింద ఉండేది. పెళ్ళికూతురికి పసుపు రాయడానికి పిలవరు, గాజులు తొడగడానికి పిలవరు, పిలవరని తెలిసి ఆవిడే వెనక్కి నిలబడేది. నేనూ కోడలినై రెండేళ్ళైనా ఆ చేతిని సరిగ్గా చూసిందాన్ని కాదు. ఆ ఇంట్లో ఆ పనికి ఆ చెయ్యి ఒక్కటే పనికొచ్చింది.

అప్పటి నుంచి పని జోరందుకుంది. బావ చెప్పేవాడు, నేను పట్టుకునేదాన్ని, అత్త ఎక్కించేది. ఇంజను తల విప్పాక వాల్వులు నూరాల్సి వచ్చింది. వాల్వుకి గరుకు పేస్టు పూసి, పైన ఒక కర్ర అతికించి, ఆ కర్రని రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పాలి. అచ్చం కవ్వం తిప్పినట్టే. అత్త ఒక పూటలో రెండేసి వాల్వులు నూరేది. ఎప్పుడు ఆపాలో చెవికే తెలుసు ఆవిడకి. తిరగలి దగ్గర పుట్టి పెరిగిన మనిషి, గరగర పోయి సన్నటి రాపిడి వినపడగానే "నలిగిందిరా" అనేది. బావ తుడిచి చూస్తే అంచు చుట్టూ సమంగా, బూడిదరంగు వలయం. ఒక్కటి కూడా మళ్ళీ చెయ్యాల్సిన పని లేకపోయింది. ఆరు ఓల్టుల బ్యాటరీ తీసేసి పన్నెండు ఓల్టులది పెట్టాం, దానికి తగ్గట్టు బల్బులన్నీ మార్చాం, డైనమో మార్చాం. చలి రోజుల్లో హ్యాండిలు తిప్పకుండా బండి అందుకోవాలని బావ పట్టుదల. ఎలుకల సీట్లు తీసేసి కొబ్బరిపీచు కూరి కొత్తవి కుట్టాను. పైన గుడ్డకి బిష్టుపూర్ బజారు నుంచి తెచ్చిన టార్పాలిన్ని గోనె సూదితో నేనే కుట్టాను. ఆ కుట్టు వంకర పోయిందని అత్త నెల రోజులు దెప్పింది.

ఇంత చేస్తున్నామా, గేటు గడియ చప్పుడైతే చాలు, బావ గొంతు తగ్గించి "లోపలికి ఎల్లండి" అనేవాడు. అత్త చేట అందుకునేది, నేను చీపురు అందుకునేదాన్ని. వచ్చినవాళ్ళు జీపు చుట్టూ తిరిగి "ఒక్కడివే చేస్తున్నావా మిస్త్రీ?" అంటే, "ఒక్కణ్ణే" అనేవాడు. ఎడమచేతిలో పానా, కుడిచెయ్యి గుడ్డ కింద. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేశాను కూడా. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనియ్యే. సెయ్యి ఎలాగూ పోనాది, మాటేనా మిగలాల గందా ఆడికి," అంది. ఆవిడకి లేని రోషం నాకెందుకని ఊరుకున్నాను. ఊరుకున్నానే గానీ మింగుడు పడలేదు.

ఆ రోషంతోనే ఒక తప్పు చేశాను. బావ పనికి పోయిన పూట, నేనొక్కదాన్నీ ఏదైనా చేసి చూపించాలనిపించింది. చక్రాలు విప్పి కడుగుదామనుకున్నాను. కుడివైపు రెండూ వచ్చేశాయి. ఎడమవైపుకి వచ్చేసరికి నట్టు కదల్లేదు. పానా మీదెక్కి నిలబడి, అత్తని కూడా నా భుజాలు పట్టుకుని ఎగరమన్నాను. ఇద్దరం కలిసి ఎగిరాం. ఫట్టుమని బోల్టు విరిగింది. సాయంత్రం బావ వచ్చి చూసి, తిడతాడనుకుంటే, కడుపు పట్టుకుని నవ్వాడు. చెయ్యి నలిగాక ఆ నవ్వు వినడం అదే మొదలు. "ఎడంపక్క చూడీ ఉల్టాయే, ఎర్రిమొగమా! బండి పరిగెడుతుంటే చక్రం తిరిగే తిరుగుడికి నట్టు ఊడకుండా అలాగ పెడతారు. నువ్వు ఇప్పలేదు, బిగించినావు," అన్నాడు. అత్త బుగ్గలు నొక్కుకుంది. "ఇద్దరు ఆడోళ్ళు ఎక్కి తొక్కితే ఇనపది మాత్రం ఏటి సేత్తాది?" అంది.

మోదుగలు పూసే రోజులకి జీపు నడిచింది. ఆకు కోతలు ముంచుకొస్తున్నాయి. మహతో బాబు తనే మాంగో వచ్చాడు, దల్మా ఎక్కుదాం పదమన్నాడు. బావ కుడిచేతికి గుడ్డ చుట్టుకుని ఎక్కి కూర్చోగానే అత్త కూడా వెనక ఎక్కేసింది. కొండ మీద శివుడున్నాడట, దర్శనం చేసుకుంటుందట. ఆడవాళ్ళెందుకని బావ గొణిగాడు. "దేవుడి కాడికి ఒచ్చే ముసలిదాన్ని దిగమంటాడేటి ఆ బాబు?" అని అత్త నన్ను కూడా పక్కకి లాక్కుంది. మహతో బాబు నవ్వి సరేనన్నాడు. నిజంగా ఆవిడకి దేవుడి మీద భక్తో, కొడుకు మీద అనుమానమో, నాకు ఇప్పటికీ తెలియదు.

ఎర్రమట్టి దారి, పక్కన సాల చెట్లు, గుండ్లు. బావ ముందు చక్రాలకి కూడా ఊపునిచ్చే గేరు వేశాడు, జీపు మూలుగుతూ, ఆగకుండా పాకింది. సగం పైన మహతో బాబు "శాబాష్ మిస్త్రీ" అన్నాడు. బావ చెవులు ఎర్రబడటం వెనక నుంచి చూశాను. ఇంకో రెండు మలుపులున్నాయనగా ఇంజను దగ్గింది, మళ్ళీ దగ్గింది, ఆగిపోయింది. కార్బొరేటర్లో చెత్త చేరింది. ఏం పెద్ద జబ్బు కాదు, విప్పి ఊది పెట్టాలి. విప్పడం సందులోకి పానా దూర్చి ఎడమచేత్తో విప్పాడు, ఊదాడు. ఇక పెట్టాలి. ఆ నట్టే.

బావ మాకేసి చూడకుండా గుడ్డ విప్పి చెయ్యి పెట్టాడు. నట్టు జారి దుమ్ములో పడింది. తీసి తుడిచాడు. మళ్ళీ పడింది. మూడోసారి పడ్డప్పుడు మహతో బాబే వంగి తీసి, బావ చేతిలో పెట్టబోయి, ఆ వేళ్ళకేసి చూశాడు. అవి మూసుకోలేదు. నట్టు వాటి మధ్య నుంచి మళ్ళీ కింద పడింది. అడవిలో ఏదో పిట్ట ఆపకుండా కూస్తోంది.

అత్త జీపు దిగింది. నోట్లో చుట్ట తీసి, సగం కూడా కాలనిది, రాయికేసి నలిపి పారేసింది. దుమ్ములో నట్టు వెతికి తీసుకుని, కొంగుతో తుడిచి, కొడుకుని పక్కకి జరిపింది. బావ కుడిచేతికి మళ్ళీ గుడ్డ చుట్టేసుకున్నాడు. అత్త చెయ్యి మోచేతిదాకా పోయింది. ఆకాశం వైపు చూసింది. అలవాటైన చెయ్యి, ఎంతోసేపు పట్టలేదు. "పట్టింది. పానా ఇయ్యి," అంది, బావతో కాదు, నాతో.

మహతో బాబు ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "యే సబ్ కిస్నే బనాయా?" అని అడిగాడు. ఇదంతా ఎవరు చేశారు?

ఒక్కణ్ణే అంటాడని నాకు భయం. అంటే అత్త ఒప్పుకుంటుంది, అది నాకు ఇంకా భయం. బావ కుడిచెయ్యి గుడ్డలోంచి తీశాడు. ఆయన ముందుకి చాపాడు.

"ఇస్కా చూడీ మర్ గయా, బాబూ," అన్నాడు. "హాథ్ మా కా హై."

దీని మర చచ్చిపోయింది, చెయ్యి మా అమ్మది. హిందీ సరిగ్గా లేదు. అంత తప్పుల హిందీలో అంత ఉన్నమాట నేను మళ్ళీ వినలేదు. అత్తకి మాత్రం అర్థమై "మళ్ళీ ఆ పాడు మాటేటిరా!" అని కసిరింది. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

జీపు అందుకుంది, పైదాకా ఎక్కింది, అత్త దర్శనం చేసుకుంది. కొండ దిగాక మహతో బాబు మిస్త్రీ పని సంగతి ఎత్తకుండానే మమ్మల్ని గేటు దగ్గర దింపి, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. వాకిలి బోసిపోయింది. జీపు ఉన్నచోట నూనె మరక ఒక్కటే మిగిలింది. నేను మళ్ళీ తీగ కట్టి బట్టలారేశాను. బావ హాజరు పుస్తకం దగ్గరికి పోయి వస్తున్నాడు. రోజులు గడుస్తున్నా కబురు లేదు. కానీ ఒకటి చెప్పాలి, ఆ రోజుల్లోనే అతను గోడవైపు తిరక్కుండా మా ఎదురుగా కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టాడు. పప్పులో ఉప్పెక్కువైందని అత్తతో పోట్లాడాడు కూడా.

ఇప్పుడు పక్కింటి ఇంజినీరు లాంటి వాళ్ళని చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం అసూయా వేస్తుంది. కావలసిన సామాను ఫోనులో ఒత్తితే ఇంటికొస్తుంది. సందులోకి దూరే వంపుల పానాలున్నాయి, నట్టుని పట్టుకునే అయస్కాంతపు కడ్డీలున్నాయి. ఆ ఒక్క కడ్డీ మా ఇంట్లో ఉండి ఉంటే అత్త చేతితో పనే పడేది కాదు. మంచిదే కదా అంటారు. మంచిదే. కానీ అప్పుడు ఆ చెయ్యి కొంగు కిందే ముసలిదైపోయేది, నేను ఆవిడ కోడలిగానే మిగిలిపోయేదాన్ని. ఆ ఇంజినీరు పెళ్ళాం మొన్న గ్రీజు చేతులతో అతని పక్కన కూర్చుని టీ తాగుతోంది, ఎవరొచ్చినా లేచి లోపలికి పోలేదు. ఆ అమ్మాయికి అది ఒక విశేషమని కూడా తెలియదు. తెలియకపోవడమే నాకు నచ్చింది. అన్నీ మనం పడ్డట్టే పడాలనుకునే ముసలితనం నాకొద్దు.

కొండెక్కిన తొమ్మిదో నాడో, పదో నాడో. పొద్దున్నే పొయ్యిల పొగ ఇంకా తేరలేదు. వీధిలో హారన్ మోగింది. పొగలోంచి మహతో బాబు రెండో జీపు వచ్చి మా గేటు ముందు ఆగింది. దాని వెనకే ఇంకొకటి, తాడుతో కట్టి. డ్రైవరు దిగకుండానే అరిచాడు: "మిస్త్రీ హై?"

నేను అలవాటుగా చీపురు అందుకున్నాను. అత్త చేట అందుకుని లోపలికి నడుస్తోంది. బావ కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటున్నాడు. పుక్కిలించి ఉమ్మేసి, గేటు తియ్యడానికి పోతూ, ఇంటివైపు తిరిగి, వీధి వీధంతా వినపడేలా కేకేశాడు.

"అమ్మా! ఒలే! ఏటలా లోపలికి పోతన్నారు? బండ్లొచ్చినాయి, బయటికి రండి!"